వెనక వరుస రేకులు

కార్ల తలుపులు తయారయ్యే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ రంపం అనేవారు. ఎదురుపడితే రంపం అక్క. మేనేజరు మాత్రం "అమ్మా" అని పిలిచేవాడు, అదీ రెండడుగులు వెనక్కి వేశాక. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎందుకు పెట్టారో ఎవరూ అడగనక్కర్లేదు. పెద్ద ప్రెస్సు దబ్బుమని దిగుతూ ఉంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడని ఆ షెడ్డులో, ఆమె మాట మాత్రం ఈ చివర బయలుదేరి ఆ చివరిదాకా అడ్డొచ్చినదాన్నల్లా కోసుకుంటూ పోయేది.

పందొమ్మిదో ఏట అక్కడ గ్లౌజులు ఉతికి ఆరేసే పనికి కుదిరింది. ఏడాది తిరక్కుండా తనిఖీ బల్ల దగ్గరికి చేరింది. ఎవరో ప్రతిభ చూసి పైకి తెచ్చారనుకునేరు, అదేం లేదు. తనిఖీ చేసే పెద్దాయనకు ఒకరోజు నడుం పట్టేసింది. షెడ్డు మొత్తం మీద నూనె అంటని చేతులు ఈమెవే కనిపించాయి. ఒక్కపూటకని నిలబెట్టారు. పెద్దాయన నడుం మళ్ళీ తిన్నగా నిలబడలేదు, ఈమె ఆ బల్ల దగ్గరి నుంచి కదల్లేదు. అలా ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి.

పని చెప్పుకుంటే చిన్నదే. రెండు ఉక్కు అచ్చుల మధ్య రేకు పెట్టి ప్రెస్సు ఒక్క గుద్దు గుద్దితే అది తలుపు ఆకారానికి వస్తుంది. అలా వచ్చిన పానెల్‌ను వరుస ట్యూబులైట్ల కింద పరిచి, పల్చటి నూలు గ్లౌజు తొడుక్కున్న అరచేత్తో ఈమె ఆ అంచు నుంచి ఈ అంచుకు నిమిరేది. చిరుగు, సొట్ట, ముడత, మొటిమంత బుడిపె, ఏదున్నా చేతికి తగిలేది. తగిలాక నోరు ఊరుకునేది కాదు. తప్పు ఎవరిదైతే వాళ్ళ పేరు, వాళ్ళ నిద్ర, వాళ్ళకు కళ్ళిచ్చిన దేవుడు, అందరూ వరసపెట్టి తిట్లు తినాల్సిందే.

మొగుడు దొరికింది కూడా ఆ నోటి పుణ్యమే. స్టోర్సు నుంచి ఒకాయన గ్లౌజుల లెక్క తేడా వచ్చిందని అడగడానికి వచ్చాడు. మడత నలగని చొక్కా, కత్తిలా నిలబడ్డ చేతుల అంచులు. గ్రీజులో పొర్లాడే ఆ ఫ్యాక్టరీలో ఆయన్ను అందరూ ఇస్త్రీ అనేవారు. ఈమె అలవాటు ప్రకారం విరుచుకుపడింది. ఆయన అంతా విని, "మెల్లగా చెప్పినా వినపడుతుందండీ" అన్నాడు. ఆమెతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. ఎనిమిది నెలలకు పెళ్ళయింది. పెళ్ళయ్యాక కూడా ఆయన ఆ మాట అంటూనే ఉన్నాడు, ఆమె అరుస్తూనే ఉంది. ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఎనభై ఏళ్ళు, కట్టుడు పళ్ళు, వేళాకోళం. కొడుకు చక్కదనాన్ని ఏడిపించడంలో అత్తాకోడళ్ళు ఒకే జట్టు.

ఏడాది కిందట ఫ్యాక్టరీలోకి అల్యూమినియం వచ్చింది. కార్లు తేలిగ్గా ఉండాలట, ఇనుప రేకు ఇక వద్దట. ఇంజినీర్లకు ఆర్నెల్ల ముందే తెలుసు. క్రేను ఆపరేటరుకు చెప్పడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మొదటి లారీ దిగిన రోజు అతను ఎప్పట్లాగే అయస్కాంతాన్ని రేకుల కట్ట మీద ఆనించి, మీట లాగి, ఠీవిగా పైకెత్తాడు. అయస్కాంతం ఒక్కటే పైకొచ్చింది. కరెంటు పోయిందేమోనని మళ్ళీ ఆనించాడు. మూడోసారి కూడా ఉత్త చేతులే. అందరూ చుట్టూ చేరి చూస్తుంటే రంపం, "రేకు వద్దంటోంది, బతిమాలుకో" అంది. గాలి పీల్చి పట్టుకునే రబ్బరు మూతలు వచ్చేదాకా వారం పాటు రేకుల్ని మనుషులే మోశారు.

ఇనుము మొండిదే కానీ మాట వినేది. నొక్కినచోట పడి ఉండేది. ఇది నొక్కి వదిలితే కాస్త వెనక్కి తన్నుతుంది, కాస్త ఎక్కువ సాగదీస్తే పుటుక్కుమంటుంది. అంచులు కత్తిరించినప్పుడు రాలిన పొడి అచ్చుకు అంటుకుని, తర్వాతి పానెల్ ముఖాన మొటిమలు మొలిపిస్తుంది. తలుపు బరువు సగానికి పడిపోయింది, తలనొప్పి రెండింతలైంది.

కొత్త లోహం గురించి రెండు రోజులు పాఠాలు చెప్పించారు. మధ్యాహ్నం భోజనం తర్వాత క్లాసు, పైగా ఏసీ గది. ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మంది నిద్రపోయారు. మేలుకున్నది రంపం ఒక్కతే. కబుర్లు చెబుతోందని ఆ మాష్టారు ఆమెను ముందు బెంచీలో కూర్చోబెట్టాడు మరి. ఈ రేకు తయారైన రోజు మెత్తగా ఉంటుందనీ, ఏమీ చేయకుండా గోడౌనులో పడేసినా దానంతట అదే రోజురోజుకూ గట్టిపడుతుందనీ, ఆర్నెల్లు దాటితే లోతుగా సాగదనీ ఆయన చెప్పాడు. "మా ఆయన కూడా అంతే సార్" అంది రంపం. మాష్టారు నవ్వు ఆపుకోవడానికి బోర్డు వైపు తిరిగాడు. ఆ జోకు మూడు షిఫ్టులూ తిరిగింది. దాని వెనకున్న పాఠం మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది. ఆమె బుర్రతో కూడా బయటికి రాలేదు.

చిరుగులు మొదలైంది వానాకాలంలో. తలుపు లోపలి పానెల్‌కు కింది మూల బాగా లోతు, ఎక్కువ సాగాల్సింది అక్కడే. సరిగ్గా అక్కడ వెంట్రుకంత గీత. చేతికి తగలగానే రంపం లైను ఆపించింది. ఆ రోజు వందకు పాతిక పోయాయి, మర్నాడు ముప్పై. మూడోనాడు ఒక్కటీ పోలేదు. హమ్మయ్య అనుకునేలోపు పది రోజులకు మళ్ళీ వచ్చింది. వస్తే రెండు రోజులు, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా మాయం. అడగకుండా వచ్చి దిగే చుట్టాల్లాగే.

మేనేజరు కళ్ళు అచ్చు మీద పడ్డాయి. అచ్చంటే ఆకురాయి. అది అచ్చుల బాగోగులు చూసే ఫిట్టరుకు అందరూ పెట్టిన పేరు. చేతిలో ఆకురాయి లేకుండా ఎవరూ ఆయన్ను చూడలేదు. యాభై ఏడేళ్ళ ఎండు మనిషి, అచ్చుల గరుకు అరగదీసి అద్దంలా నున్న చేయడం తప్ప లోకంలో మరో సంగతి పట్టనివాడు. రంపాన్ని చెల్లీ అని నిజంగా చెల్లెలి వరసలోనే పిలిచేది ఆయనొక్కడే. ఆ మూలను నువ్వే ఎక్కువ అరగదీశావని మేనేజరు అన్నాడు. లేదని ఆకురాయి అన్నాడు. చిరుగు వచ్చిన ప్రతిసారీ ఆయన అచ్చు కిందికి దూరి పాలిష్ పట్టేవాడు, రెండు రోజులకు చిరుగులు ఆగేవి. దాంతో, చూశారా, పాలిష్ పడితే ఆగుతున్నాయి కాబట్టి తప్పు అచ్చుదే అని మేనేజరు తేల్చేశాడు. పాపం ఆ మనిషి తన కష్టంతో తన మీదే సాక్ష్యం పుట్టించుకున్నాడు.

బయటి నుంచి ఒక నిపుణుడిని కూడా పిలిపించారు. మెడలో టై, ఒళ్ళో లాప్‌టాప్. మూడు రోజులు కూర్చున్నాడు, ఆ మూడు రోజులూ ఒక్క పానెల్ చిరగలేదు. నలభై పేజీల నివేదిక ఇచ్చాడు. పరిస్థితిని గమనిస్తూ ఉండాలని చివరి పేజీలో ఉంది. ఆయన వెళ్ళిన మర్నాడే రెండో పానెల్‌తోనే మొదలైంది. మేనేజరు ఇక ఒక కాగితం తయారు చేయించాడు. అచ్చు పాడైంది ఫిట్టరు పొరపాటు వల్లనే, అతన్ని ఆ పని నుంచి తప్పిస్తున్నాం అని. మంగళవారం సంతకం పెట్టాలని ఆకురాయికి గడువు.

ఆ ముందటి ఆదివారం ఇంట్లో అత్తగారి పళ్ళ సెట్టు విరిగింది.

ఇస్త్రీకి ఆదివారం వస్తే వంటింటి అలమర సర్దే జబ్బు ఉంది. డబ్బాలన్నీ ఒకే ఎత్తులో, పొట్లాల ముఖాలన్నీ ఒకే వైపు. సామాను కొత్తగా వస్తే ముందు వరుస ఖాళీలు నింపి, ఎప్పుడూ నిండుగా కనిపించేలా ఉంచుతాడు. ఆ ఆదివారం ముందు వరుసలో ఖర్జూరాలు అయిపోయాయి. వెనక నుంచి ఒక పొట్లం తీసి తల్లికి ఇచ్చాడు. పెద్దావిడ ఒకటి నోట్లో వేసుకుని కసుక్కున కొరికింది. విరిగింది ఖర్జూరం కాదు. రెండు ముక్కలు అరచేతిలోకి తీసుకుని, బోసినోటితో, "నన్ను చంపాలంటే విషం పెట్టరా, రాళ్ళెందుకు" అంది.

రంపం పొట్లం అందుకుని తేదీ చూసింది. రెండేళ్ళ కిందటిది. వెనక చెయ్యి పెట్టి చూస్తే అలాంటివి ఇంకో మూడు. ఇక ఎత్తుకుంది. కొత్తవి ముందు పేర్చి పాతవి వెనక్కి తోస్తే అవి వెనక పడి పడి గట్టిపడక ఏమవుతాయి, ముందువి అయిపోయిన రోజే కదా వెనకవి బయటికొచ్చేది, అని అంటూ అంటూ, మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె అలా ఆగడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కోడలికి పక్షవాతం వచ్చిందేమోనని అత్తగారు కంగారుగా లేచి నిలబడింది.

ఆమెకు గుర్తొచ్చింది ముందు బెంచీ పాఠం. ఆ వెంటనే లారీలు. వానలకు రోడ్డు తెగి కొత్త రేకుల లారీ ఆలస్యమైన రోజుల్లోనే చిరుగులు. లారీ దిగగానే మాయం. ఆ మాట ఆ పూట ఆమె ఎవరితోనూ అనలేదు. అన్నం కూడా మాట్లాడకుండా తింది. ఇస్త్రీకి ఆ నిశ్శబ్దం తిట్లకంటే ఎక్కువ భయం పుట్టించింది.

సోమవారం భోజనాల వేళ ఆమె స్టోర్సుకు వెళ్ళింది. రేకుల కట్టలు గీత గీసినట్టు వరుసల్లో ఉన్నాయి. ఎవరైనా పెద్దవాళ్ళు ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తే మేనేజరు మొదట తీసుకొచ్చేది ఇక్కడికే, ఆ వరుసల ముందు నిలబడి ఫొటోలు దిగేదీ ఇక్కడే. ఆమె పక్కకు తిరిగి, కట్టల మధ్య సందులోంచి ఒళ్ళు ముడుచుకుని వెనక వరుసకు దూరింది. ఒక్కో కట్ట మీద తయారైన తేదీతో చిన్న చీటీ. లెక్కేస్తే పది నెలలు, పదకొండు నెలలు, ఒకటి ఏడాది దాటింది. తన తనిఖీ పుస్తకంలో చిరిగిన పానెళ్ళ పక్కన రాసుకున్న కట్ట నంబర్లతో సరిచూసింది. అన్నీ ఈ వరుసవే.

మొగుణ్ని అక్కడికే పిలిచి ఒక చీటీ చూపించింది.

"ఇది చదవండి."

ఆయన చీటీని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, చెయ్యి సాగినంత సాగదీశాడు. "ఇక్కడ లైటు సరిగ్గా లేదు" అన్నాడు.

లైటు సరిగ్గా ఆయన నెత్తి మీదే వెలుగుతోంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

ఆయన చొక్కా మడత సవరించుకున్నాడు. "రెండేళ్ళయింది. దూరంవి బాగానే కనిపిస్తాయి. చిన్న అక్షరాలే."

"కళ్ళజోడు పెట్టుకోవచ్చుగా."

"పెట్టుకుంటే ముసలాడయ్యాడంటారు. స్టోర్సు ఇంకొకరికి ఇచ్చి నన్ను గేటు దగ్గర కూర్చోబెడతారు." చీటీ ఆమె చేతికి తిరిగిచ్చి అన్నాడు, "ఇనుప రేకుకి తేదీ ఎవడు చూశాడే? తుప్పు ఉందా లేదా, అంతే కదా. ఇదీ అంతే అనుకున్నాను."

రంపం చీటీ తిరిగి అతికించింది. అటు చూస్తే ఆకురాయి, పొద్దుట్నుంచీ అచ్చు కింద వెల్లకిలా పడుకుని పాలిష్ పడుతున్నాడు. ఇటు చూస్తే ఈ మనిషి, ఇరవై ఆరేళ్ళుగా పైవాళ్ళ చేత ఒక్క మాట పడని మనిషి. ఎవరిని తిట్టాలో తెలియని పరిస్థితి ఆమెకు జీవితంలో మొదటిసారి వచ్చింది.

"రేకుల సంగతి రేపు నేను చెప్పేస్తాను. చెప్పక తప్పదు. మీ కళ్ళ సంగతి మాత్రం నా నోట్లోంచి రాదు."

"నీ నోట్లోంచా?" అన్నాడు ఇస్త్రీ. అంత దిగులులోనూ ఆయనకు నవ్వొచ్చింది.

మంగళవారం పొద్దున్నే ప్రెస్సు పక్కన మేనేజరు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఆకురాయి కలం అడిగి తీసుకున్నాడు. రంపం మధ్యలోకి వెళ్ళి, సంతకానికి ముందు ఇరవై పానెళ్ళు నొక్కి చూద్దామంది. అచ్చును ఎవరూ ముట్టుకోకూడదు. పది రేకులు ముందు వరుసవి, పది వెనక వరుసవి. మేనేజరు గడియారం చూసుకున్నాడు కానీ ఆమె చేతులు నడుం మీద పెట్టుకోవడం కూడా చూసి సరేనన్నాడు.

మొదటి పదీ నొక్కారు. ఆమె ఒక్కోదాన్ని నిమిరి పక్కన పెట్టింది. పదీ నిక్షేపంగా ఉన్నాయి. తర్వాతి పదిలో మొదటిదే కింది మూల చిరిగింది. నిమరాల్సిన పని కూడా లేకపోయింది, వేలు దూరేంత చిరుగు. పదింటిలో నాలుగు పోయాయి. రేకు ముసలిదైపోతే సాగదని క్లాసులో చెప్పారు కదా సార్ అని ఆమె అంటే, అవునవునని అక్కడున్న ఇరవై తొమ్మిది మందీ తలలూపారు, అందరూ కళ్ళు తెరుచుకుని విన్నట్టు.

పాతవి వెనక్కి ఎవరు పెట్టారని మేనేజరు అడిగాడు. గుంపు వెనక నుంచి, "నేనే సార్" అని వినిపించింది. మామూలుగా చెప్పినా వినపడింది. ఇస్త్రీ ముందుకొచ్చాడు. వరుస నిండుగా కనిపించాలని కొత్తవి ముందు పెట్టాననీ, పొరపాటు తనదేననీ, ఫిట్టరుది ఏమీ లేదనీ చెప్పాడు.

"మరి చీటీ మీద తేదీ చూసుకోవద్దా?" అన్నాడు మేనేజరు.

ఇస్త్రీ చొక్కా మడత సవరించుకున్నాడు. రంపం గొంతు దాని పని అది చేసింది.

"సార్, ఆ వరుసల ముందు నిలబడి మీరు ఎన్ని ఫొటోలు దిగారో లెక్కే లేదు. మీరెప్పుడైనా చూశారా తేదీ?"

మేనేజరుకు దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక, ఇందులో ఎవరి తప్పూ లేదనీ, ఇది పద్ధతిలో ఉన్న లోపమనీ తేలింది. ఫిట్టరు తప్పయినప్పుడు కాగితం కావాలి కానీ, పద్ధతి తప్పయితే కాగితం అక్కర్లేదన్నమాట. సంతకం కాని ఆ కాగితాన్ని ఆకురాయి మడిచి నూనె తుడుచుకున్నాడు.

రంపం ఆయన దగ్గరికి వెళ్ళింది, ఏదో ఒక మెచ్చుకోలు మాట వస్తుందని. ఆయన అడిగింది ఒక్కటే, ఈ సంగతి ఎప్పుడు తెలిసిందని. ఆమె అబద్ధం ఆడలేదు.

"ఆదివారం తెలిస్తే మంగళవారం చెప్పావు. నిన్నంతా నేను ఆ అచ్చు కింద పడుకుని ఉన్నాను చెల్లీ" అన్నాడు. నెలరోజులు ఆయన టీ ఒక్కడే తాగాడు. ఆమె గ్లాసు తెచ్చి పక్కన పెడితే గ్లాసు వైపు కూడా చూడలేదు.

ఇంట్లోనూ అంతే. ఇస్త్రీ పదిహేను రోజులు తల్లి ద్వారానే కబుర్లు పంపాడు. ఉప్పు తక్కువైందని చెప్పమ్మా, గొడుగు ఎక్కడుందో కనుక్కోమ్మా. ఆవిడ కొత్త పళ్ళతో ఒక్కో కబురుకూ నాలుగు మాటలు సొంతంగా కలిపి చేరవేసేది. చెప్పింది తప్పని ఆయన అనలేదు. అంతమందిలో భార్య మధ్యలో నిలబడటం, తాను వెనక నిలబడటం, అదే ఆయనకు మింగుడుపడలేదు. ఆమెకూ తెలుసు. తెలిసినా సారీ చెప్పలేదు, తను చెప్పింది నిజం కాబట్టి.

స్టోర్సులో వరుసలు మారాయి. పాతవి ముందుకొచ్చాయి. ప్రతి కట్ట మీదా తేదీని రంగు సుద్దతో జానెడు అక్షరాల్లో రాయాలని రంపం పట్టుబట్టింది. ఎందుకంత పెద్దవని మేనేజరు అడిగితే, క్రేను మీది వాడికి కనపడాలి కదా అంది. ఆ అక్షరాలు పడ్డాక స్టోర్సు పెళ్ళివారి లగేజీలా తయారైంది. ఇస్త్రీ ప్రాణం విలవిల్లాడింది, కానీ జానెడు అక్షరాలు ఆయనకు చక్కగా కనిపించాయి. ఎందుకంత పెద్దవో అర్థమయ్యాక, ఆ సాయంత్రం ఆయన మధ్యవర్తి లేకుండా, "టీ పెట్టనా?" అని నేరుగా భార్యనే అడిగాడు.

చిరుగులు ఆగిపోయాయి. మేనేజరుకు పై నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది, పద్ధతిలో లోపాన్ని కనిపెట్టినందుకు. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు కొట్టించాడు. రంపం ఆ ఫ్రేమును గ్లౌజు తొడిగిన చేత్తో నిమిరి, మూలన చిన్న సొట్ట ఉందని తనిఖీ పుస్తకంలో రాసింది.

అచ్చులు శుభ్రం చేయడానికి లైను ఆపిన ఒక శనివారం, ఆమె పాత చొక్కా తొడుక్కుని, ఎవరినీ అడగకుండా అచ్చు కిందికి దూరి ఆకురాయి పక్కన వెల్లకిలా పడుకుంది. పాలిష్ రాయి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. కళ్ళలో పొడి పడుతోంది, మెడ విరిగిపోతోంది. గంటసేపు ఆయన తన పని తాను చేసుకున్నాడు. తర్వాత, "ఇటివ్వు, గీతలు పెడుతున్నావు" అని రాయి లాక్కున్నాడు. "గుండ్రంగా తిప్పాలి. ముప్పై ఏళ్ళుగా నన్ను తిట్టావు, ఇదెలా చేస్తారో ఒక్కసారి చూశావా?" చూడలేదని ఒప్పుకుంది. ఆ సాయంత్రం టీకి రెండు గ్లాసులు తెచ్చింది ఆకురాయే.

కళ్ళజోడు షాపుకు మాత్రం మొగుడూ పెళ్ళాం ఊళ్ళో ఆ చివరి వీధికి వెళ్ళారు, తెలిసినవాళ్ళు ఎవరూ తారసపడకుండా. ఇస్త్రీ ఫ్రేము ఎంచుకోవడానికి పట్టిన సమయంలో ఆమె షాపువాడి పెళ్ళి సంగతి, అప్పచెల్లెళ్ళ సంగతి అంతా కనుక్కుంది. ఆ కళ్ళజోడును ఆయన స్టోర్సులో జేబులోంచి తీయడు, ఇంట్లో ముక్కు మీది నుంచి దించడు. షెడ్డులో ఎవరి గుట్టూ దాచని రంపం ఈ ఒక్కటీ దాచింది. ఎవరైనా మీ ఆయన చూపు బాగుంటుందా అక్కా అంటే, నన్ను చేసుకున్నాడు కదా, ఆ మాత్రం తెలియడం లేదా అని మాట మళ్ళించేది.

జోడు పెట్టుకున్న మొదటి సాయంత్రం ఆయన ఇంట్లో అక్షరం ఉన్నదల్లా చదివాడు. అగ్గిపెట్టె, సబ్బు, తల్లి దగ్గు మందు, కరెంటు మీటరు మీది హెచ్చరిక. చివరికి మోకాళ్ళ నొప్పికని రెండేళ్ళుగా రాత్రీ పగలూ రాసుకుంటున్న ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. అది పగిలిన మడమలకు రాసుకునే మందు.

"మరి నొప్పి తగ్గిందన్నావుగా?" అని అడిగింది అత్తగారు.

"తగ్గిందమ్మా. నిజంగానే తగ్గింది."

రంపం పళ్ళేలు పెడుతూ ఆయన మోకాలు ఒకటి అరచేత్తో ఇటు నుంచి అటు నిమిరింది. "చిరుగులు లేవు, ముడతల్లేవు. పాస్" అంది, మామూలు గొంతుతో.